కొరియా కుమ్మరుల కథ



నేను హెడ్మాస్టరుగా ఉన్న రోజుల్లో మా బడి వరండాలో, ఇసుక పోసిన తిన్నె మీద, మంచినీళ్ళ కుండ ఒకటి ఉండేది. ఒకనాటి మధ్యాహ్నం బంతి తగిలి అది భళ్ళున పగిలింది. బంతి విసిరినవాణ్ణి పిలిచి అడిగితే వాడు ఏమాత్రం జంకలేదు. "పోతే పోయింది లెండి, మాస్టారూ! మట్టికుండే గదా! ఇంకొకటి కొనుక్కోవచ్చు" అన్నాడు. క్లాసంతా నవ్వింది. వెనక బెంచీలో ఉన్న ఒక పిల్లవాడు మాత్రం నవ్వలేదు, తల వంచుకున్నాడు. ఎందువల్లనంటే, ఆ కుండ చేసినది వాళ్ళ నాన్న.

నాకు ఆ క్షణాన ఏం చెప్పాలో తోచలేదు. బంతి విసిరినవాడి చేతనే పెంకులు ఏరించి, పాఠం మొదలుపెట్టాను. చెప్పవలసిన సమాధానం ఎన్నో ఏళ్ళ తరువాత, నేను ఉద్యోగం నుంచి విరమించి తీరికగా పుస్తకాలు చదువుకుంటూ ఉండగా దొరికింది. అది మన దేశపు కథ కాదు. చైనాకూ జపానుకూ నడుమ సముద్రంలోకి చొచ్చుకు వచ్చిన కొరియా దేశపు కథ. ఈ నెల మీకు ఆ కథే చెబుతాను.

మట్టి రాయి అయ్యే విధం

ముందుగా ఒక చిన్న సంగతి తెలుసుకుందాం. బంకమట్టితో చేసి ఎండబెట్టిన పచ్చికుండను నీళ్ళలో వేస్తే ఏమవుతుంది? మళ్ళీ బురద అవుతుంది. కాల్చిన కుండను వేస్తే? ఏమీ కాదు. ఎందుకని?

మట్టిరేణువులలో మన కంటికి కనబడకుండా కొంత నీరు బంధించబడి ఉంటుంది. ఎండకు పోయేది పైపై తడి మాత్రమే. కాని ఆములో వేడి సుమారు 600 డిగ్రీలు దాటేసరికి ఆ లోపలి నీరు కూడా పోతుంది. రేణువులు ఒకదానితో ఒకటి అతుక్కుపోతాయి. ఇక అది తిరిగి మట్టి కాలేదు. మనం నీళ్ళు పోసుకునే కుండ ఇటువంటిదే. దానికి సన్నని రంధ్రాలు ఉంటాయి గనుక నీరు కొద్దికొద్దిగా బయటికి ఊరి, ఆరిపోతూ లోపలి నీటిని చల్లబరుస్తుంది.

వేడి 1,000 డిగ్రీలు దాటి 1,200 దాకా పోతే, తగిన మట్టిలో కొంత భాగం కరిగి గాజువలె మారి ఆ రంధ్రాలను పూడ్చివేస్తుంది. అప్పుడు పాత్ర రాయివలె గట్టిపడుతుంది. మీ అమ్మ ఆవకాయ పెట్టే జాడీ ఈ జాతిది. అంతకంటె ఎక్కువ వేడిలో, ఇనుము లేని శుద్ధమైన తెల్లమట్టితో చేసినది పింగాణీ. గోటితో మీటితే అది గంటవలె మోగుతుంది.

కొరియా కుమ్మరులు ఈ మూడు మెట్లనూ ఒకదాని తరువాత ఒకటి ఎక్కారు. వాళ్ళ కథ అంటే ఈ మెట్ల కథే.

దువ్వెన గీతలు

1925 లో కొరియాలో పెద్ద వరద వచ్చింది. సియోల్ నగరం దగ్గర హాన్ నది గట్టును కోసుకుపోయింది. నీరు తీసిన తరువాత చూస్తే, అంసాదాంగ్ అనే చోట నేలలో కుండపెంకులు గుట్టలుగా బయటపడ్డాయి. అవి సుమారు 6,000 ఏళ్ళనాటివి!

ఆ కుండల అడుగుభాగం కోడిగుడ్డు మొనవలె కోసుగా ఉంటుంది. "ఇది నిలబడేదెట్లా?" అంటారేమో! నదిఒడ్డున మెత్తని ఇసుకలో గుచ్చితే చక్కగా నిలబడుతుంది. వాటి ఒంటినిండా వాలుగీతలు, చేపముల్లు వంటి గీతలు ఉంటాయి. దువ్వెన వంటి పనిముట్టుతో గీసినట్టు ఉండటంవల్ల వాటిని దువ్వెనగీతల కుండలు అంటారు. చక్రం లేదు, మూసిన ఆము లేదు. చేతితో చేసి, ఆరుబయట మంటలో కాల్చారు. అయినా, ఉత్తకుండ చేసి ఊరుకోలేదు చూశారా? తిండి వండుకునే కుండకు కూడా అందం కావాలని మనిషికి ఆనాడే తోచింది.

గుర్రపు రౌతు

తరువాత వేల ఏళ్ళు గడిచాయి. కొరియాలో సిల్లా, పెక్చే, కొగుర్యో అనే మూడు రాజ్యాలూ, దక్షిణాన గయా అనే చిన్నరాజ్యాల కూటమీ ఏర్పడ్డాయి. కుమ్మరులు కొండవాలున సొరంగంవలె ఆములు కట్టటం నేర్చారు. కింది నోటిలో మంట పెడితే, వేడి వాలువెంట పైకి పాకుతుంది. సొరంగం మూసి ఉండటంచేత వేడి బయటికి పోదు. ఇట్లా 1,000 డిగ్రీలు దాటించి, బూడిదరంగు గల గట్టిపాత్రలు చేశారు. ఈ విద్యే 5 వ శతాబ్దంలో గయా ప్రాంతాన్నుంచి సముద్రం దాటి జపానుకు చేరింది.

1924 లో సిల్లా రాజధాని అయిన క్యోంగ్‌జులో ఒక పాతసమాధిని తవ్వినప్పుడు, గుర్రంమీద కూర్చున్న రౌతు బొమ్మలు రెండు దొరికాయి. టోపీ, జీను, కళ్ళెం, అన్నీ మట్టితోనే! అయితే అవి ఉత్తబొమ్మలు కావు. గుర్రం వీపున వెనకవైపు ఒక చిన్న గిన్నెవంటి గరాటు ఉన్నది. అందులో ద్రవం పోస్తే గుర్రం ఛాతీనుంచి ముందుకు వచ్చిన గొట్టంలో నుంచి బయటికి వస్తుంది. అంటే అది ఒక కూజా అన్నమాట! ఇప్పుడవి సియోల్‌లోని జాతీయ మ్యూజియంలో ఉన్నాయి.

పచ్చని పింగాణీ

918 లో కొర్యో అనే రాజవంశం వచ్చింది. కొరియా అనే పేరు ఆ కొర్యో నుంచి పుట్టినదే. ఆ కాలపు కుమ్మరులు చైనావారి దగ్గర పచ్చరంగు పాత్రలు చేసే విద్య నేర్చుకున్నారు. ఈ పాత్రలను వాళ్ళు చంగ్‌జా అంటారు, పడమటి దేశాలవారు సెలడాన్ అంటారు. దక్షిణాన గంగ్‌జిన్, పువాన్ అనే ఊళ్ళ ఆములు వీటికి ప్రసిద్ధి.

1123 లో చైనా చక్రవర్తి పంపిన రాయబారబృందంలో షు జింగ్ అనే ఉద్యోగి కొర్యో రాజధానికి వచ్చాడు. ఆయన తాను చూసినవన్నీ గ్రంథంగా వ్రాశాడు. అందులో ఈ పచ్చపాత్రలను మెచ్చుకుంటూ, ఆ రంగును ఇక్కడివాళ్ళు ప్రత్యేకమైన పేరుపెట్టి పిలుచుకుంటారని చెప్పాడు. నేర్పిన గురువు దేశంవాడే శిష్యుణ్ణి మెచ్చుకోవటం చిన్నసంగతి కాదు!

ఆ పచ్చదనం ఎక్కడిది? ఆకులనుంచి తీసిన రంగా? కాదు. అది ఇనుము! కుండమీద పూసే పూతలో బూడిద, మెత్తగా నూరిన రాయి, మట్టి ఉంటాయి. దానిలో నూటికి రెండు మూడు పాళ్ళు ఇనుము కూడా ఉంటుంది. ఆములో గాలి బాగా ఆడితే ఆ ఇనుము ఆక్సిజన్‌ను పట్టుకుని పసుపుపచ్చగానో గోధుమరంగుగానో మారుతుంది. గాలిదారులు మూసివేస్తే మంటకు ఆక్సిజన్ చాలదు. అప్పుడు ఆకలిగొన్న మంట, ఇనుము దగ్గర ఉన్న ఆక్సిజన్‌ను కూడా లాక్కుంటుంది. ఇనుము నీలం కలిసిన పచ్చరంగుకు తిరుగుతుంది. మన కుమ్మరులు ఒకే మట్టితో ఎర్రకుండలూ చేస్తారు, ఆమును మూసి పొగపెట్టి నల్లకుండలూ చేస్తారు. అదీ గాలి ఆడటంలోనూ ఆడకపోవటంలోనూ ఉన్న తేడాయే.

చెప్పటం తేలికే. కాని ఆములో చూసేందుకు థర్మామీటరు లేదు. మంట రంగు చూసి, పొగ వాసన చూసి, "ఇప్పుడు మూయాలి" అని తెలుసుకోవాలి. ఒక్క ఘడియ అటూ ఇటూ అయితే నెలల శ్రమ బూడిద.

పొదుగుడు పని

12 వ శతాబ్దంలో కొర్యో కుమ్మరులు మరొక అడుగు వేశారు. పచ్చిపాత్ర మీద కొంగలూ, మబ్బులూ, తామరలూ చెక్కేవారు. ఆ గాడిలో ఒకచోట తెల్లమట్టి, ఇంకొకచోట ఎర్రమట్టి నింపేవారు. పైకి పొంగినదంతా గీకివేసి, నునుపుచేసి, కాల్చి, పచ్చపూత పూసి మళ్ళీ కాల్చేవారు. తెల్లమట్టి తెల్లగానే నిలిచేది, ఎర్రమట్టి నల్లగా మారేది. పచ్చని ఆకాశంలో తెల్లకొంగలు నల్లని కాళ్ళతో ఎగురుతున్నట్టు ఉండేది! ఈ పనికి సాంగ్‌గమ్ అని పేరు.

ఇందులో ఒక చిక్కు ఉన్నది. మట్టి ఎండినప్పుడూ కాలినప్పుడూ కుంచించుకుపోతుంది. పాత్ర మట్టి ఒకవిధంగానూ, నింపిన మట్టి ఇంకొకవిధంగానూ కుంచించుకుంటే పగుళ్ళు వస్తాయి. అందుచేత మూడు మట్టులూ ఒక్కతీరున కుంచించుకునేటట్టు పాళ్ళు కుదుర్చుకోవాలి. వాళ్ళు అది సాధించారు.

ఆ కాలపు ధూపపాత్ర ఒకటి జాతీయ మ్యూజియంలో ఉన్నది. పైన జల్లెడవలె రంధ్రాలు చెక్కిన బంతి, దానికింద తామరరేకులు. అంత బరువునూ అడుగున మూడు బుల్లి కుందేళ్ళు వీపులమీద మోస్తూ ఉంటాయి! వాటి కళ్ళు నల్లని చుక్కలు. ఎనిమిది వందల ఏళ్ళకు పైగా అవి అట్లా ఓపికగా మోస్తూనే ఉన్నాయి.

ఆక్టోపస్ చెప్పిన రహస్యం

ఇక వినండి, ఇది కథ వంటి నిజం. కొరియా పడమటి తీరాన తేయాన్ అనే చోట జాలరులు శంఖాల వంటి గుల్లలు తాళ్ళకు కట్టి సముద్రంలోకి దింపుతారు. ఒకజాతి చిన్న ఆక్టోపస్‌లు వాటిలో దూరి, మూతికి ఏ రాయో పెంకో అడ్డం పెట్టుకుని దాక్కుంటాయి. 2007 లో ఒక జాలరి గుల్ల పైకి లాగితే, లోపలి ఆక్టోపస్ ఒక పచ్చని పళ్ళేన్ని తలుపుగా పట్టుకుని ఉన్నది! చూస్తే అది కొర్యో కాలపు చంగ్‌జా!

ప్రభుత్వం గజ ఈతగాళ్ళను పంపింది. అడుగున ఒక పాతఓడ, దానిలో వరసలు వరసలుగా కట్టలు కట్టిన పాత్రలు కనిపించాయి. ఇరవైవేలకు పైగా పాత్రలు పైకి తీశారు! వాటితోపాటు చిన్న చెక్కపలకలు దొరికాయి. సరుకు ఎక్కణ్ణుంచి వచ్చింది, ఎవరికి చేరాలి అనేవి వాటిమీద సిరాతో వ్రాసి ఉన్నాయి. గంగ్‌జిన్ ఆముల నుంచి రాజధానికి పోతూ, 12 వ శతాబ్దంలో ఆ ఓడ మునిగిపోయింది. చేరవలసినవారికి ఆ సరుకు చేరలేదు. ఎనిమిది వందల ఏళ్ళ తరువాత ఒక ఆక్టోపస్ దాన్ని మనకు చేర్చింది.

ఒక పాత్రకు ఇరవై ఇళ్ళు

1910 నుంచి 1945 వరకు కొరియా జపాను ఏలుబడిలో ఉన్నది. ఆ కాలంలో దొంగలు పాతసమాధులు తవ్వి చంగ్‌జా పాత్రలు ఎత్తుకుపోయి అమ్మేవారు. ఎన్నో పాత్రలు దేశం దాటిపోయాయి.

చోన్ హ్యోంగ్‌పిల్ అనే యువకుడు ఇది చూసి బాధపడ్డాడు. ఆయన 1906 లో పుట్టాడు, తాతతండ్రుల ఆస్తి చాలా ఉన్నది. 1935 లో ఒక జపాను వ్యాపారి దగ్గర కొంగలూ మబ్బులూ నిండిన పొడవైన చంగ్‌జా కూజా ఉన్నదని విన్నాడు. వ్యాపారి 20,000 వన్లు అడిగాడు. ఆ సొమ్ముతో సియోల్‌లో మంచి పెంకుటిళ్ళు ఇరవై కొనవచ్చునట! యువకుడు బేరమాడకుండా కొన్నాడని చెబుతారు. ఆయన 1938 లో తన సేకరణకోసం ఒక భవనం కట్టించాడు. నేటి కాన్సోంగ్ మ్యూజియం అదే. ఆ కూజా నేడు కొరియా జాతీయనిధులలో ఒకటి.

డబ్బున్నవాళ్ళు చాలామంది ఉంటారు. దాన్ని దేనికి ఖర్చుపెట్టాలో తెలిసినవాళ్ళు కొద్దిమందే.

పల్లెవాటు కుండలు

13 వ శతాబ్దంలో మంగోలులు కొరియామీదికి వచ్చిపడ్డారు. ఆ తరువాతి శతాబ్దంలో సముద్రపుదొంగలు తీరప్రాంతాలను దోచుకోసాగారు. గంగ్‌జిన్ కుమ్మరులు ఆములు వదలి, పిల్లాపాపలతో లోపలి ఊళ్ళకు చెదిరిపోయారు. అక్కడ ఆ మంచిమట్టి లేదు, రాజుగారి ఆదరణ లేదు. వాళ్ళేం చేశారు? చేతులు ముడుచుకు కూర్చోలేదు. దొరికిన బూడిదరంగు మట్టితోనే పాత్రలు చేసి, పైన తెల్లమట్టి నీళ్ళు పూశారు. దీన్ని పున్‌చంగ్ అంటారు.

పున్‌చంగ్ పద్ధతులు మీరు కూడా చెప్పగలిగినంత తేలిక. పాత్రను తెల్లమట్టి నీళ్ళలో ముంచి తీయటం ఒకటి. గట్టికుంచెతో ఒక్క విసురున పూయటం ఇంకొకటి. అప్పుడు కుంచె గీతలు గాలి వీచినట్టు కనబడతాయి. చిన్న పూవుల అచ్చు వరసగా ఒత్తి తెల్లమట్టి నింపటం మరొకటి. తెల్లపూత గీకి బొమ్మ తేల్చటం, ఇనుపరంగుతో చేపలు వ్రాయటం కూడా కద్దు. ఆ చేపలను చూస్తే నవ్వువస్తుంది. మీ తమ్ముడు పలకమీద వ్రాసిన చేపవలె అమాయకంగా ఉంటాయి.

వీటి అడుగున కొన్నిచోట్ల ప్రభుత్వ కార్యాలయాల పేర్లు ఉంటాయి. ఎందుకో తెలుసునా? సర్కారు పాత్రలు మాయమైపోతూ ఉంటే, 1417 లో వాటిమీద ఆఫీసుపేరు చెక్కాలని ఉత్తర్వు చేశారు. మీ అమ్మ పెళ్ళికి తీసుకుపోయే గిన్నెల మీద పేరు కొట్టించినట్టేనన్నమాట!

చందమామ జాడీ

1392 లో చోసన్ రాజవంశం వచ్చింది. వారికి ఆడంబరం గిట్టదు. నిరాడంబరత, శుభ్రత, సత్ప్రవర్తన ముఖ్యమని చెప్పే కన్ఫ్యూషియస్ బోధనలు వారికి ఆదర్శం. అందుచేత తెల్లని పింగాణీని ఇష్టపడ్డారు. కొరియా అక్షరమాలను రూపొందించిన సెజోంగ్ రాజు కాలంలో రాజుగారి పాత్రలు తెల్లనివే.

సియోల్‌కు దగ్గరలో క్వాంగ్‌జు అనే చోట రాజుగారి ఆములు ఉండేవి. పింగాణీకి విపరీతమైన వేడి కావాలి, వేడికి కట్టెలు కావాలి. చుట్టుపక్కల చెట్లన్నీ అయిపోగానే, సుమారు పదేళ్ళకొకసారి, ఆములన్నీ ఎత్తివేసి ఇంకొకచోట కట్టేవారు. చివరకు 1752 లో, నదిమీద కట్టెలు వచ్చే వీలున్న పున్‌వన్ గ్రామంలో స్థిరపడ్డారు. ఒక తెల్లగిన్నె వెనక ఎంత అడవి కాలిపోయిందో చూశారా!

నీలిరంగు బొమ్మలకు కోబాల్టు కావాలి. అది చైనామీదుగా దూరదేశం నుంచి రావాలి, ఖరీదు ఎక్కువ. అందుకని ఆస్థాన చిత్రకారులే ఆముల దగ్గరకు వచ్చి బొమ్మలు వ్రాసేవారు. యుద్ధాలవల్ల 17 వ శతాబ్దంలో కోబాల్టు దొరకకపోతే, ఇనుపరంగుతో గోధుమవన్నె డ్రాగన్లు వ్రాశారు. ఉన్నదానితో పని జరుపుకున్నారు.

ఈ తెల్లపాత్రలలో అందరికంటె పెద్దక్క చందమామ జాడీ. 17 వ శతాబ్దం చివరనుంచి 18 వ శతాబ్దం వరకు వీటిని చేశారు. ఎత్తు 40 సెంటీమీటర్లకు పైన, వెడల్పు కూడా ఇంచుమించు అంతే. బొమ్మ లేదు, గీత లేదు, ఉత్త తెలుపు. అంత పెద్ద గుండ్రని జాడీని సారెమీద ఒక్కమారుగా లేపితే మెత్తని పింగాణీమట్టి కూలిపోతుంది. అందుచేత రెండు పెద్దగిన్నెలు చేసి, ఒకదానిమీద ఒకటి బోర్లించి నడుము దగ్గర అతికేవారు. ఆములో ఆ అతుకు కొంచెం కుంగుతుంది. కనుక ఏ జాడీ కూడా సరిగ్గా గుండ్రంగా ఉండదు. ఒకటి కాస్త ఎడమకు ఒరిగితే ఇంకొకటి కుడికి. దాన్ని తప్పని ఎవరూ పారవేయలేదు. ఆకాశంలో చందమామ మాత్రం రోజూ గుండ్రంగా ఉంటాడా?

అటువంటి జాడీ ఒకటి జపానులో నారా నగరంలోని ఆలయంలో ఉండేది. 1995 లో ఒక దొంగ దాన్ని ఎత్తుకుపోబోయి, పట్టుబడేసరికి నేలకేసి కొట్టాడు. అది మూడువందలకు పైగా ముక్కలయింది. ఆలయంవారు ముక్కలన్నీ, పొడితో సహా, ఊడ్చి దాచారు. వాటిని ఒసాకా నగరంలోని మ్యూజియంకు ఇచ్చారు. నిపుణులు ముక్కకు ముక్క కుదిర్చి మళ్ళీ జాడీని నిలబెట్టారు. ఇప్పుడు చూస్తే అది పగిలిందని నమ్మలేము. "మట్టికుండే గదా!" అని వాళ్ళు అనలేదు.

కుమ్మరులను ఎత్తుకుపోయిన యుద్ధం

ఇప్పుడు కొంచెం బాధ కలిగించే సంగతి చెప్పాలి. 1592 లో జపాను ఏలిక హిదెయోషి కొరియామీదికి సేనలను పంపాడు. యుద్ధం 1598 దాకా సాగింది. ఊళ్ళు తగలబడ్డాయి. తిరిగిపోయేటప్పుడు జపాను సామంతులు బంగారం, పుస్తకాలతోపాటు మనుషులను కూడా పట్టుకుపోయారు. వాళ్ళలో కుమ్మరులు ఎందరో ఉన్నారు. జపాను ప్రభువులకు కొరియా గిన్నెలంటే ప్రాణం. కొరియా పల్లెలో చేసిన మామూలు గిన్నె ఒకటి అక్కడ తేనీటి గిన్నె అయి, నేటికీ జపాను జాతీయసంపదగా క్యోటోలోని ఆలయంలో ఉన్నది.

అట్లా పోయినవారిలో యీ సాంప్యోంగ్ ఒకడు. అరీతా అనే చోట పింగాణీకి పనికివచ్చే తెల్లరాయిని 1616 లో ఆయనే కనిపెట్టాడని అక్కడివారు చెప్పుకుంటారు. జపాను పింగాణీ అక్కడ మొదలయింది, యూరపుదాకా ఓడలలో పోయింది. అరీతాలో కొండమీద ఆయనకు స్మారకస్తంభం కూడా నిలిపారు.

మరొకడు షిమ్ వంశపు పూర్వుడు. 1598 లో ఆయనను కగోషిమా ప్రాంతానికి తీసుకుపోయారు. ఆ వంశం అక్కడే నిలిచింది, కుండలు చేస్తూనే ఉన్నది. నాలుగువందల ఏళ్ళు గడిచాయి. నేడు పదిహేనవ తరానికి వచ్చారు. మొదట్లో వాళ్ళు చేసిన గిన్నెలకు జపాను భాషలో "నిప్పు మాత్రమే" అనే అర్థమిచ్చే పేరు ఉన్నది. మట్టి కొరియాది, చెయ్యి కొరియాది, నిప్పు మాత్రమే జపానుది అని దాని భావం. 1998 లో, నాలుగువందల ఏళ్ళు నిండిన సందర్భంలో, కొరియాలోని నామ్‌వన్ నుంచి నిప్పును ఓడమీద తెచ్చి ఆ ఊరి ఆమును వెలిగించారు. ఈసారి మట్టి జపానుది, నిప్పు కొరియాది!

పిల్లలూ, ఒక్కటి గమనించండి. కొరియాలో ఆ కుమ్మరులకు గొప్ప హోదా ఏమీ లేదు. చందమామ జాడీ చేసినవాడి పేరు ఎవరికీ తెలియదు, వాళ్ళు సంతకం పెట్టలేదు. మట్టిపనివాళ్ళని తక్కువగా చూసిన రోజులే అవి. కాని శత్రువు వచ్చినప్పుడు, బంగారంతో సమానంగా వాళ్ళను మూటగట్టుకు పోయాడు. వాళ్ళ విలువ సొంత ఊరివారికంటె శత్రువుకు ముందు తెలిసింది.

ఊపిరి పీల్చే జాడీలు

చివరగా రాజులకు సంబంధం లేని, ఒకప్పుడు ప్రతి ఇంటిలోనూ ఉండిన జాడీల సంగతి. వీటిని ఓంగీ అంటారు. ముదురు గోధుమరంగు, పెద్దపొట్ట. కిమ్చి అనే ఊరగాయ, సోయాచిక్కుళ్ళ ముద్ద, సోయారసం, మిరపముద్ద, అన్నీ వాటిలోనే. పెరట్లో ఎండ తగిలే అరుగుమీద వరసగా పెట్టేవారు. ఊరంత పెద్దజాడీ చెయ్యాలంటే, మట్టిపట్టీలు చుట్టుగా పేర్చి, లోపల ఒక చేత్తో ఆపుపెట్టి, బయట చెక్కబద్దతో కొడుతూ పల్చబరుస్తారు.

ఓంగీకి బూడిదా మట్టీ కలిపిన పూత పూస్తారు. ఆ గోడలో కంటికి కనబడని సన్నని రంధ్రాలు ఉంటాయి. నీరు కారదు గాని గాలి ఆడుతుంది. కిమ్చి పులిసేటప్పుడు సూక్ష్మజీవులు కార్బన్ డయాక్సైడ్ వాయువును వదులుతాయి. అది లోపలే పేరుకుంటే కిమ్చికి మేలుచేసే సూక్ష్మజీవులు సరిగా పెరగవు. 2023 లో అమెరికాలోని జార్జియా టెక్ శాస్త్రజ్ఞులు ఓంగీలోనూ గాజుసీసాలోనూ ఊరగాయ పెట్టి కొలిచారు. ఓంగీలో ఆ వాయువు చాలా తక్కువగా ఉన్నదని తేలింది. అవ్వలు "జాడీ ఊపిరి పీలుస్తుంది" అంటూ వచ్చిన మాట నిజమేనన్నమాట!

మన ఆవకాయకు ఇటువంటి జాడీ పనికిరాదు. మనకు నూనె కారకూడదు, గాలి తగలకూడదు. అందుకని మన జాడీకి బిగుతైన పూత. ఊరగాయను బట్టి జాడీ!

19 వ శతాబ్దంలో కొరియాలో క్రైస్తవులను రాజప్రభుత్వం వేటాడినప్పుడు, చాలామంది కొండల్లో దాక్కుని ఓంగీలు చేసి, ఊరూరా అమ్ముకుంటూ బతికారు. ఆ కుండలు వాళ్ళకు అన్నం పెట్టాయి, ప్రాణం కూడా నిలిపాయి.

మీరు చేయవలసిన పని

ఒక కుండపెంకూ, ఒక పింగాణీ కప్పూ తీసుకోండి. పెంకు పూతలేనిదై ఉండాలి. దాని అంచు కోసుకోకుండా జాగ్రత్త! రెంటిమీదా ఒక్కొక్క నీటిచుక్క వేసి, చేతిగడియారం చూసుకోండి. ఏది తాగివేసింది? ఏది అట్లాగే నిలుపుకున్నది? ఎందువల్లనో ఈ వ్యాసంలో చెప్పాను, వెతికి పట్టుకోండి.

ఇక మా బడి కుండ సంగతి. మరునాడు ఆ పిల్లవాడి తండ్రి కొత్తకుండ తెచ్చాడు. తిన్నెమీద ఇసుక సర్ది, కుండను వేలితో కొట్టి ఖంగుమన్న చప్పుడు నాకు వినిపించి, "గట్టిదేనండి" అని చెప్పి, డబ్బు తీసుకుని వెళ్ళిపోయాడు. ఆనాడు నేను చేయవలసిన పని ఒకటి ఉన్నది. ఆయనను క్లాసులోకి పిలిచి, కుర్చీ వేసి, "మట్టి ఎక్కణ్ణుంచి తెస్తారు? ఆము ఎప్పుడు మూయాలో ఎట్లా తెలుస్తుంది? పిల్లలకు కాస్త చెప్పండి" అని అడగవలసింది. ఆయన కొడుకు వెనక బెంచీలో తల ఎత్తి కూర్చునేవాడు. నేను అడగలేదు. ముప్ఫైఏళ్ళు పాఠాలు చెప్పిన నాకు ఆ ఒక్క పాఠం తప్పిపోయింది.

మీరు తప్పిపోకండి. మీ ఊళ్ళో సారె తిప్పేవారు ఉంటే, ఈ ఆదివారం అమ్మనో నాన్ననో వెంటబెట్టుకుని వెళ్ళండి. ఆయనను పేరడిగి తెలుసుకోండి. నేను అడగని ఆ రెండు ప్రశ్నలూ అడగండి.

ఆశీస్సులతో,
మీ మాస్టారు